కంపెనీ టూరు మాటలు: వ్యాపార, ప్రోత్సాహక యాత్రల పదజాలం

వ్యాపార సంస్థ తన ఖర్చుతో ఉద్యోగులనో, డీలర్లనో, ఏజెంట్లనో ఊరు దాటించినప్పుడు సంస్థకూ ట్రావెల్ ఏజెన్సీకీ మధ్య, ఏజెన్సీకీ విమాన సంస్థకూ హోటలుకూ మధ్య నడిచే పరిభాషే ఈ వ్యాస విషయం. ఈ రంగం రెండు పాయలు. పని మీద వెళ్లే ప్రయాణం కార్పొరేట్ ట్రావెల్. పని చేసి చూపినందుకు దక్కే ప్రయాణం ఇన్సెంటివ్ ట్రావెల్. మొదటిదానిలో సంస్థ ప్రతి రూపాయినీ తగ్గించుకోజూస్తుంది. రెండోదానిలో వెళ్లొచ్చినవాడు పదిమందికీ చెప్పుకొనేలా ఖర్చు పెడుతుంది.

పరిభాష దాదాపు మొత్తం ఇంగ్లిషు నుంచి వచ్చింది. తెలుగునాట కూడా అవే మాటలు నోళ్లలో నలుగుతున్నాయి కాబట్టి వాటిని మార్చకుండా ఇక్కడ అర్థం చెప్పడమైనది. వీటిలో చాలా మాటలు ఏ ఖర్చు ఎవరిది, ఏ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది తేల్చడానికి పుట్టినవి. ప్రతి మాటనూ ఆ కోణంలో చూస్తే తేలిగ్గా బోధపడుతుంది.

లింగాల చుట్టుపక్కల వాడుక

కడప జిల్లా లింగాల మండలం పులివెందుల ప్రాంతంలోది. చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయం ఈ మండలంలోని పార్నపల్లె దగ్గర ఉంది. అరటి, చీనీ తోటల నేల కావడంతో ఎరువులు, పురుగుమందులు, డ్రిప్పు సామాను అమ్మే అంగళ్లకు ఇక్కడ పని ఎక్కువ. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి ఉన్నందున చిలంకూరు, ఎర్రగుంట్ల, నల్లలింగాయపల్లెల్లో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరుపడిన వ్యాపార పట్టణం. ఎరువులైనా, సిమెంటైనా, బీమా అయినా డీలరు, సబ్‌డీలరు, ఏజెంటు అనే అంచెల మీద నడిచేవే. ఇన్సెంటివ్ ట్రావెల్‌కు ఆ అంచెలే ఆధారం.

ఇక్కడి మాటల్లో దాని పేరు ‘కంపెనీ టూరు’. అర్హత సాధించడం ‘టూరు కొట్టడం’. అంగడిలో ఈ రెండు మాటలతో పని జరిగిపోతుంది. కానీ ఆ టూరు వెనక ఉండే ఒప్పందాల్లో ఈ కింది మాటలన్నీ ఉంటాయి. ఉదాహరణలకు వీలుగా, పులివెందుల ప్రాంతం నుంచి 40 మంది డీలర్లు బ్యాంకాక్ వెళ్తున్నారని అనుకుందాం.

చరిత్ర

అమ్మకందారులకు బహుమానంగా ప్రయాణం ఇవ్వడానికి మొదటి ఉదాహరణగా సాధారణంగా చెప్పేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరంలో ఉన్న నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీని. 1906లో ఆ కంపెనీ బాగా అమ్మినవారిని ప్రధాన కార్యాలయానికి రప్పించి సత్కరించింది. 1911లో విజేతలను న్యూయార్క్ పంపింది. విమాన ప్రయాణం సామాన్యమయ్యాక ఈ పద్ధతి ఒక పరిశ్రమగా మారింది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా, 1945లో హవానాలో ఏర్పడింది. సమావేశాల రంగానికి చెందిన సంఘం ఇక్కా 1963లో, ఇన్సెంటివ్ ట్రావెల్ వృత్తిదారుల సంస్థ సైట్ 1973లో పుట్టాయి. భారతదేశంలో ఇండియా కన్వెన్షన్ ప్రమోషన్ బ్యూరో 1988లో ఏర్పడింది.

తెలుగు పల్లెలకు ఈ సంస్కృతి తెచ్చినవారిలో బీమా ఏజెంట్లది పెద్ద వంతు. భారతీయ జీవిత బీమా సంస్థ 1956 సెప్టెంబరు 1న ఏర్పడింది. ఏజెంట్లకు బ్రాంచి మేనేజర్ క్లబ్ మొదలుకొని చైర్మన్ క్లబ్ దాకా మెట్లు కట్టింది. ఎం.డి.ఆర్.టి. అన్న అక్షరాలు విజిటింగ్ కార్డుల మీద కనిపిస్తుంటాయి. అది 1927లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైన మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్. దాని సభ్యత్వాన్ని ఏటా వ్యాపారం చూపి కొత్తగా సంపాదించుకోవలసిందే.

మైస్

మీటింగ్, ఇన్సెంటివ్, కాన్ఫరెన్స్, ఎగ్జిబిషన్ అనే నాలుగు మాటల తొలి అక్షరాల కూర్పు మైస్. నాలుగూ గుంపుగా చేసే ప్రయాణాలే అయినా లెక్కలు వేరు. మీటింగుకు హాజరు కావడం విధి. ఇన్సెంటివ్ అర్హత. కాన్ఫరెన్సుకు ప్రతినిధి రుసుము కట్టి వస్తాడు. ఎగ్జిబిషనులో స్టాలు పెట్టినవాడు చదరపు మీటరు లెక్కన అద్దె కడతాడు.

తెలుగు ప్రాంతంలో ఈ రంగానికి పెద్ద వేదిక హైదరాబాద్ మాదాపూర్‌లోని హెచ్.ఐ.సి.సి. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్, అదే ఏడాది మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగాయి. 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబరులో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ కూడా అక్కడే. విశాఖపట్నంలో 2016, 2017, 2018 సంవత్సరాల్లో సి.ఐ.ఐ. భాగస్వామ్య సదస్సులు, 2023 మార్చిలో జి-20 మౌలిక వసతుల బృందం సమావేశం జరిగాయి. ఇలాంటి సదస్సును మొదలు నుంచి చివరి వరకు నడిపే వృత్తి నిర్వాహకుణ్ని పీసీఓ అంటారు. సభ్యుల నమోదు, వేదిక, బస, రవాణా అన్నీ అతని బాధ్యతే.

అర్హతకు సంబంధించిన మాటలు

క్వాలిఫికేషన్ పీరియడ్ అంటే అమ్మకాలను లెక్కలోకి తీసుకునే కాలం. ఎరువుల వ్యాపారంలో అది ఎక్కువగా ఖరీఫ్, రబీ సీజన్లతో ముడిపడి ఉంటుంది. స్లాబ్ అంటే మెట్టు: ఇంత కొంటే గోవా, అంతకు మించితే బ్యాంకాక్, ఇంకా మించితే జంటకు దుబాయ్. అర్హత పొందినవాడు క్వాలిఫైయర్ లేదా విన్నర్. టూరు మీద ఆశ పుట్టించడానికి మధ్యమధ్యలో పంపే చిన్న కానుకను, ఫోటోను, కరపత్రాన్ని టీజర్ అంటారు.

డీలరు జాగ్రత్తగా చదవాల్సిన మాటలు రెండున్నాయి: ప్లేస్‌మెంట్, లిక్విడేషన్. కంపెనీ గోదాము నుంచి సరుకు డీలరు అంగడికి చేరడం ప్లేస్‌మెంట్. అంగడి నుంచి రైతు చేతికి చేరడం లిక్విడేషన్. స్కీమ్ కాగితంలో లెక్క ప్లేస్‌మెంట్ మీద అయితే, ఎత్తిన సరుకు అమ్ముడుపోకపోయినా అర్హత వస్తుంది, మిగిలిన నిల్వ మాత్రం డీలరు దగ్గరే ఉండిపోతుంది. లిక్విడేషన్ మీద అయితే సేల్స్ రిటర్న్, అంటే వెనక్కి పంపిన సరుకు, తీసివేసి లెక్క కడతారు. బాకీ గడువు దాటితే, అంటే ఓవర్‌డ్యూ ఉంటే, అర్హత రద్దు అనే షరతు తరచుగా కనిపిస్తుంది. టూరు వద్దనుకున్నవారికి బదులుగా ఇచ్చేది క్రెడిట్ నోట్. అది చేతికి వచ్చే డబ్బు కాదు, తర్వాతి కొనుగోలులో తగ్గింపు.

ఈ పద్ధతిని సమర్థించేవారు డబ్బు ఖర్చయిపోతుందనీ, ప్రయాణం జ్ఞాపకంగా నిలుస్తుందనీ చెబుతారు. విమర్శ కూడా అంతే బలమైనది. స్లాబు చివరి మెట్టు మీదున్న అంగడివాడు రైతుకు ఏ మందు అంటగడతాడన్నది పంట అవసరాన్ని బట్టి కాక టూరు అవసరాన్ని బట్టి తేలే ప్రమాదం ఉంది. చీనీ తోటకు ఏ మందు కొట్టాలో అంగడివాణ్ని అడిగే రైతులున్న చోట ఇది చిన్న విషయం కాదు.

గుంపు, టికెట్టు, పేరు

ప్రయాణికుల సంఖ్యను పాక్స్ అంటారు. ఒంటరిగా లేదా కుటుంబంతో, తన ఇష్టప్రకారం వెళ్లేవాడు ఎఫ్ఐటీ. గుంపుగా వెళ్లేది జీఐటీ. విమాన సంస్థలు సాధారణంగా 10 మంది లేదా అంతకు మించితే గుంపు కింద లెక్కించి గ్రూప్ ఫేర్ ఇస్తాయి. ఈ ధర ప్రతిసారీ తక్కువగా ఉండదు. దాని ఉపయోగం వేరు: సీట్లన్నీ ఒకే ధరకు దొరుకుతాయి, పేర్లు తర్వాత ఇవ్వవచ్చు. పేర్లు ఇవ్వాల్సిన గడువు నేమ్ లిస్ట్ డెడ్‌లైన్. బుక్ చేసిన సీట్లలో ఇంత శాతం తప్పక ఎగరాలన్న షరతు మెటీరియలైజేషన్. 40 సీట్లకు 90 శాతం షరతు ఉంటే 36 మంది తప్పనిసరి. నలుగురికి మించి మానుకుంటే నష్టం గుంపు తీసుకున్నవారిదే. అందరితో వెళ్లి వేరే తేదీన తిరిగి వచ్చేవారి ఏర్పాటు డీవియేషన్. దాని అదనపు ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి.

రైల్వే పుణ్యమా అని పీఎన్ఆర్ అందరికీ తెలుసు. విమానాల్లో ఆ నంబరును పుట్టించేవి జీడీఎస్ అనే పంపిణీ వ్యవస్థలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి నిర్మించిన సేబర్ 1960లో పని మొదలుపెట్టింది. అమేడియస్ 1987లో ఐరోపాలో ఏర్పడింది. విదేశీ ప్రయాణంలో దారిలోని ఊళ్లో 24 గంటల లోపు ఆగితే లేఓవర్, అంతకు మించితే స్టాప్‌ఓవర్. ఒక నగరానికి వెళ్లి మరో నగరం నుంచి తిరిగి వచ్చే టికెట్టు ఓపెన్ జా.

తెలుగువారి గుంపుల్లో ఎక్కువగా చిక్కు తెచ్చేది పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగానే. పాస్‌పోర్టులో దాన్ని పూర్తిగా రాయాలి, సర్‌నేమ్ గడిలో వేయాలి. కొందరు ఆ గడి ఖాళీగా వదిలి మొత్తం పేరును గివెన్ నేమ్ గడిలోనే నింపుతారు. టికెట్టు మీది పేరు పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారిని సందర్శక వీసా మీద అనుమతించబోమని ప్రకటించినప్పుడు ఈ ఖాళీ గడి విలువ చాలామందికి తెలిసివచ్చింది. అనేక దేశాలు పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని కోరతాయి. అందుకే పేర్ల జాబితాను, అంటే మ్యానిఫెస్ట్‌ను, పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని తయారు చేయాలి. అంగడి బోర్డు మీది పేరు దానికి పనికిరాదు.

హోటలు మాటలు

గుంపు కోసం ముందే పట్టి ఉంచే గదుల సంఖ్య రూమ్ బ్లాక్. 40 మందికి ఇద్దరేసి చొప్పున 20 గదులు. ఒక గది ఒక రాత్రికి ఒక రూమ్ నైట్. మూడు రాత్రులకు 60 రూమ్ నైట్లు. ఎవరితో ఎవరు ఉంటారో రాసేది రూమింగ్ లిస్ట్. ఒకే పెద్ద మంచం ఉన్న గది డబుల్, రెండు విడి మంచాలున్నది ట్విన్. డీలర్ల గుంపుకు ట్విన్ అడగాల్సిన చోట డబుల్ అని రాస్తే అర్ధరాత్రి హోటలు లాబీలో పంచాయితీ తప్పదు. గది పంచుకోకుండా ఒంటరిగా ఉంటే పడే అదనపు మొత్తం సింగిల్ సప్లిమెంట్. ఏ అంతస్తు, ఏ వైపు అన్న హామీ లేకుండా ఖాళీని బట్టి ఇచ్చే గది రన్ ఆఫ్ హౌస్.

ఒప్పందంలో అత్యంత ఖరీదైన మాట అట్రిషన్. పట్టిన గదుల్లో ఎన్ని వదులుకోవచ్చో చెప్పే హద్దు ఇది. 60 రూమ్ నైట్లకు 10 శాతం అట్రిషన్ ఒప్పుకున్నారనుకుందాం. 54 వరకు తగ్గితే జరిమానా లేదు. 48 మాత్రమే వాడితే, తక్కువ పడిన 6 రాత్రులకు వాడకపోయినా చెల్లించాలి. జరిమానా లేకుండా గదులు వదులుకోవడానికి చివరి రోజు కట్ఆఫ్ డేట్. చెప్పకుండా రానివాడు నో షో. నిర్ణీత సంఖ్యలో డబ్బు చెల్లించిన ప్రయాణికులకు ఒకరిని ఉచితంగా అనుమతించడం ఎఫ్ఓసీ. ఆ స్థానం మామూలుగా టూర్ మేనేజరుకు వెళ్తుంది.

భోజన ప్రణాళికలకు నాలుగు గుర్తులున్నాయి. గది మాత్రమే అయితే ఈపీ. గదీ ఉదయపు టిఫినూ కలిస్తే సీపీ. టిఫినుతో పాటు ఒక పూట భోజనం ఉంటే ఎంఏపీ. మూడు పూటలూ ఉంటే ఏపీ, అంటే అమెరికన్ ప్లాన్. విదేశాల్లో మనవారి గుంపులకు సాధారణంగా సీపీ తీసుకుని, మధ్యాహ్నం, రాత్రి భారతీయ భోజనశాలలో పెట్టిస్తారు. నాలుగో రోజుకు పప్పు, పెరుగు లేక మొహాలు వాడిపోతాయన్నది అనుభవజ్ఞులైన టూర్ మేనేజర్లందరికీ తెలిసిన సంగతి.

గమ్యంలో వినిపించే మాటలు

గమ్యస్థానంలో బస్సులు, గైడ్లు, టికెట్లు, భోజనాలు చూసుకునే స్థానిక సంస్థ డీఎంసీ. విమానం టికెట్టు లేకుండా అక్కడి ఏర్పాట్లకు మాత్రమే చెప్పే ధర ల్యాండ్ ఓన్లీ. టూరుకు ముందు సంస్థ ప్రతినిధి వెళ్లి హోటలు, హాలు చూసి రావడం సైట్ ఇన్‌స్పెక్షన్. ట్రావెల్ ఏజెంట్లకు ఊరు పరిచయం చేయడానికి పర్యాటక శాఖలు గానీ హోటళ్లు గానీ తక్కువ ఖర్చుతో తిప్పేది ఫ్యామ్ ట్రిప్. రాత్రి గదికి వెళ్లేసరికి మంచం మీద కనిపించే కానుక పిల్లో గిఫ్ట్. చివరి రాత్రి బహుమతులతో, పాటలతో జరిగే విందు గాలా డిన్నర్. ఇన్సెంటివ్ టూరుకు గుండెకాయ అదే. వేదిక మీద తన పేరు పిలవడం కోసం ఏడాది పొడుగునా అమ్మినవారు ఉంటారు. దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

లింగాల నుంచి బయల్దేరే గుంపుకు మరో లెక్క ఉంది. విదేశీ విమానం ఎక్కాలంటే బెంగళూరో, చెన్నైయో, హైదరాబాదో చేరాలి. ప్యాకేజీ ధరను ‘ఎక్స్ బెంగళూరు’ అని రాస్తే, అక్కడి దాకా అయ్యే ఖర్చు ప్యాకేజీలో లేదని అర్థం. ఆ ఒక్క మాట పట్టించుకోక బస్సు ఖర్చు మీద డీలర్లూ కంపెనీ ప్రతినిధీ వాదులాడుకోవడం మామూలే.

కార్పొరేట్ ట్రావెల్ మాటలు

ఈ మాటల్లో కొన్ని ప్రభుత్వోద్యోగులకు ఎప్పటినుంచో అలవాటే. పెర్ డీమ్ అంటే దినబత్తెం, డీఏ అన్నమాట. సంస్థ ప్రయాణాలన్నీ ఒక చేతి మీదుగా నడిపే ఏజెన్సీ టీఎంసీ. తెలుగు రైతులు ఈ మూడక్షరాలను జలాశయాల కొలతగా ఎరుగుదురు, ఇక్కడ మాత్రం ట్రావెల్ మేనేజ్‌మెంట్ కంపెనీ. ఎవరు ఏ తరగతిలో వెళ్లవచ్చో చెప్పేది ట్రావెల్ పాలసీ. పాలసీ దాటి బయట కొన్న టికెట్ల ఖర్చు లీకేజీ. హోటలు బిల్లును నేరుగా కంపెనీకి పంపే ఏర్పాటు బీటీసీ, అంటే బిల్ టు కంపెనీ.

జీఎస్టీ వచ్చాక హోటలు బిల్లులో ఒక మెలిక చేరింది. గది ఉన్న రాష్ట్రమే సేవ జరిగిన చోటు. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే నమోదైన ప్రొద్దుటూరు సంస్థ ఉద్యోగి హైదరాబాదులో బస చేస్తే, తెలంగాణలో కట్టిన ఆ పన్నుకు సంస్థ ఇన్‌పుట్ క్రెడిట్ పొందలేదు. విమానం టికెట్టుకు ఈ ఇబ్బంది లేదు.

ప్రయాణికుడి భద్రతకు సంస్థ వహించే బాధ్యత డ్యూటీ ఆఫ్ కేర్. దీనికి 2021లో ఐఎస్ఓ 31030 అనే మార్గదర్శక ప్రమాణం వచ్చింది. కోవిడ్ కాలంలో ఫోర్స్ మెజూర్ అన్న క్లాజు ఒప్పందాల చివరి పేజీ నుంచి మొదటి పేజీకి ఎక్కింది. ఎవరి చేతిలోనూ లేని ఆపద వల్ల ఒప్పందం నెరవేరకపోతే ఎవరూ తప్పు చేసినట్టు కాదన్నది దాని సారం. భారత్ నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చిలో ఆగి, 2022 మార్చి 27న తిరిగి మొదలయ్యాయి. ఆగిన టికెట్ల డబ్బును విమాన సంస్థ ఖాతాలో నిల్వగా ఉంచడాన్ని క్రెడిట్ షెల్ అన్నారు. 2020 అక్టోబరు 1 నాటి తీర్పులో సుప్రీంకోర్టు దానికి 2021 మార్చి 31 వరకు గడువు పెట్టింది.

పన్ను: టూరా, కాన్ఫరెన్సా

ఒక మాట తేడాతో పన్ను పడేదీ పడనిదీ తేలే చోటు ఇది. ఆదాయపు పన్ను చట్టం, 1961కి చేర్చిన 194ఆర్ సెక్షన్ 2022 జులై 1న అమల్లోకి వచ్చింది. వ్యాపారంలో భాగంగా ఒకరికి ఇచ్చే ప్రయోజనం విలువ ఏడాదిలో ₹20,000 దాటితే, ఇచ్చేవారు 10 శాతం పన్ను మినహాయించాలని అది చెప్పింది. డబ్బు రూపంలో కాక టూరు రూపంలో ఇచ్చినా అంతే. పన్ను కట్టినట్టు చూసుకున్నాకే ప్రయోజనం అందించాలి.

దానిపై ప్రత్యక్ష పన్నుల బోర్డు 2022లో ఇచ్చిన 12వ సర్క్యులర్ డీలర్ల సమావేశం గురించి వివరంగా చెప్పింది. కొత్త సరుకు గురించి తెలపడం, అమ్మే విధానం నేర్పడం, ఆర్డర్లు తీసుకోవడం, లెక్కలు సరిచూడటం ప్రధాన ఉద్దేశంగా జరిపే కాన్ఫరెన్సు ఖర్చు ప్రయోజనం కిందికి రాదు. అయితే టార్గెట్ సాధించిన కొందరినే పిలిస్తే అది బహుమానమే. విహారం భాగం, వెంట వచ్చిన కుటుంబ సభ్యుల ఖర్చు, అదనంగా ఉన్న రోజుల ఖర్చు కూడా ప్రయోజనం కిందికే వస్తాయి. ఆ తర్వాత ఇచ్చిన వివరణ ప్రకారం, సమావేశానికి ఒక రోజు ముందు, ఒక రోజు తర్వాత ఉండటాన్ని అదనపు బసగా చూడరు. అందువల్ల ఆహ్వానపత్రం మీద ‘కాన్ఫరెన్స్’ అని అచ్చు వేసినంత మాత్రాన సరిపోదు. ఎవరిని, ఏ లెక్కన పిలిచారన్నదే తేలుస్తుంది. డీలరు తన పేరున కట్టిన పన్ను వివరాల పత్రంలో ఆ మొత్తం కనబడుతోందో లేదో చూసుకోవాలి, ఆదాయంలో చూపాలి.

మందుల కంపెనీలకు ఇంకా గట్టి కట్టడి ఉంది. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన యూసీపీఎంపీ నియమావళి ప్రకారం, సదస్సుల పేరుతో వైద్యులకు కంపెనీలు దేశంలో గానీ బయట గానీ ప్రయాణం, బస సమకూర్చరాదు. వక్తలకు మాత్రం మినహాయింపు ఉంది.

జమ్మలమడుగు గమ్యంగా

ఈ ప్రాంతం ఇంతవరకు గుంపులను పంపేదే గానీ రప్పించుకునేది కాదు. పంపే చోటును సోర్స్ మార్కెట్, చేరే చోటును డెస్టినేషన్ అంటారు. జమ్మలమడుగు దగ్గరి గండికోటకు డెస్టినేషన్ లక్షణాలన్నీ ఉన్నాయి. పెన్నా కోసిన లోయ అంచున కోట, లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం, కిందికి చూస్తే జలాశయం. పక్క జిల్లా నంద్యాలలో బెలుం గుహలు. 2024లో కేంద్రం మూలధన సాయం పథకం కింద గండికోట అభివృద్ధికి ₹77.91 కోట్లు మంజూరు చేసింది.

మైస్ దృష్టితో చూస్తే ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న ఇన్వెంటరీ గురించి, అంటే ఒకే ప్రమాణంతో ఒకేచోట ఉన్న గదుల సంఖ్య గురించి. పైన చెప్పుకున్న 40 మంది డీలర్లకు 20 ట్విన్ గదులు, అందరూ కూర్చునే ఒక హాలు, రెండు బస్సులు నిలిచే చోటు, కోట దగ్గర ఇద్దరు గైడ్లు కావాలి. వాటిలో ఎన్ని ఒక్కచోట దొరుకుతాయన్నదాన్ని బట్టి డీఎంసీ కొటేషన్‌లో గండికోటను రాత్రి బసగా చూపుతారా, పగటిపూట వచ్చి పోయే ఎక్స్‌కర్షన్‌గా చూపుతారా అన్నది తేలుతుంది.